లూపస్ ఉన్న ఆడవాళ్ళకు 'మహిళల క్యాన్సర్ ప్యాకేజీ' పనికొస్తుందా? కర్నూలు ల్యాబు రివ్యూ

కర్నూలు పెద్దాసుపత్రికి దగ్గర్లోని ఒక ప్రైవేటు ల్యాబు అమ్ముతున్న ప్యాకేజీ ఇది. ఇందులో పాప్ స్మియర్ (గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష), సీఏ-125 రక్తపరీక్ష (అండాశయ క్యాన్సర్ కోసం చేసేది), పొట్ట స్కానింగ్, సీబీపీ (రక్తకణాల లెక్క) ఉంటాయి. లూపస్‌కు (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) మైకోఫెనోలేట్, అజాథయోప్రిన్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు దీన్ని మొత్తంగా కొనొద్దు. పాప్ స్మియర్ ఒక్కటి విడిగా తీసుకుని, ప్యాకేజీలో లేని హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షను (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను పట్టేది) దానికి కలుపుకోండి.

ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో లూపస్ వల్ల ముప్పు పెరిగేది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే వాటికి: గర్భాశయ ముఖద్వారం, యోని, బయటి జననాంగం. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒంట్లో చేరిన వైరస్ పోకుండా ఉండిపోతుంది, అసలు సమస్య అదే. రొమ్ము, అండాశయం, గర్భసంచి లోపొర క్యాన్సర్లు లూపస్ వాళ్ళలో అంతగా పెరగవు, కొన్ని అధ్యయనాల్లో తక్కువే కనిపించాయి. ఈ ప్యాకేజీలో సగం ఖర్చు అండాశయం కోసమే!

సీఏ-125 అయితే లాభం లేకపోగా చేటు. లూపస్ ముదిరి ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో నీరు చేరితే క్యాన్సర్ లేకుండానే ఈ అంకె మామూలు హద్దు అయిన 35 దాటిపోతుంది. స్కానింగ్‌లో నీరు, రిపోర్టులో పెద్ద అంకె కలిసి కనబడితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఇప్పటికే చేయించుకుని ఉంటే రిపోర్టు ముందు రుమటాలజిస్టుకు (లూపస్‌కు వైద్యం చేసే డాక్టరుకు) చూపించండి. గైనకాలజిస్టు కూడా చూడాలి, కానీ లూపస్ సంగతి తెలిసే చూడాలి.

పాప్ స్మియర్ తీసే తీరుకు మాత్రం వంక పెట్టలేం. గాజు పలక మీద పూయకుండా ద్రవం ఉన్న సీసాలో బ్రష్ కడుగుతారు. పలక మీద పూస్తే వెంటనే ఆల్కహాల్‌లో ముంచాలి. ఆలస్యమైతే కణాలు ఆరిపోయి రిపోర్టు తేలదు. సీసా పద్ధతిలో ఇంకో లాభం ఏమంటే, అదే శాంపిల్‌తో హెచ్‌పీవీ పరీక్షా చేయొచ్చు. ఆ మాట బిల్లు కట్టేటప్పుడే చెప్పండి. నెలసరి రోజుల్లో వెళ్ళొద్దు. ముందు రెండు రోజులు కలయిక, యోనిలో పెట్టే క్రీములు మానాలి.

పెద్ద లోపం వాళ్ళ ఫారంలో ఉంది: మందులు రాయడానికి గడే లేదు. పక్కన ఖాళీలో లూపస్ అని, మందుల పేర్లు, ఆఖరి నెలసరి తేదీ మీరే రాయించండి. సైక్లోఫాస్ఫమైడ్ ఎప్పుడో ఆపేసినా రాయాలి, ఎందుకంటే మొత్తం ఎక్కిన మోతాదును బట్టి ముప్పు పెరుగుతుంది. బయటి జననాంగం మీద మానని దురద, తెల్లమచ్చ, గడ్డ ఉంటే పాప్ స్మియర్‌లో తెలియదు, డాక్టరు కంటితో చూడాల్సిందే.

రిపోర్టు నార్మల్ వస్తే "అయిదేళ్ళకు రండి" అంటారు. ఈ మందులు వాడేవాళ్ళకు అది కుదరదు. 30 దాటినవాళ్ళకు పాప్ స్మియర్, హెచ్‌పీవీ రెండు పరీక్షలూ నార్మల్ అయితే మూడేళ్ళకు. పాప్ స్మియర్ ఒక్కటే అయితే ఏటా, వరుసగా మూడుసార్లు బాగుంటే ఆ తర్వాత మూడేళ్ళకోసారి. పెళ్ళయినవాళ్ళు 30 వచ్చేదాకా ఆగొద్దు, 65 దాటాయని మానొద్దు.

ఊళ్ళలో పీహెచ్‌సీల్లో ఉచితంగా చేసే వీఐఏ పరీక్ష, అదే వెనిగర్ లాంటి ద్రావణం పూసి నిమిషం ఆగి తెల్లమచ్చ చూసేది, ఏమీ చేయించుకోకపోవడం కంటే ఎంతో మేలు. కానీ సైక్లోఫాస్ఫమైడ్ వల్ల నెలసరి తొందరగా ఆగిపోయినవాళ్ళకు చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది, కంటికి ఆనదు. వాళ్ళకు హెచ్‌పీవీ పరీక్షే దిక్కు.

తేడా వస్తే కాల్పోస్కోపీకి (గర్భాశయ ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూసే పరీక్షకు) పంపుతారు. అక్కడ ముక్క తీస్తారు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫారిన్, ఆస్పిరిన్ వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా మాత్రం ఆపొద్దు, రక్తం గడ్డకట్టే రకం లూపస్‌లో అది ఇంకో ప్రమాదం.