నల్లరేగడిలో కర్బనం: యూరియా ఒక్కటేనా, పశువుల ఎరువుతో కలిపా?

యూరియాలో నత్రజని 46 శాతం ఉన్నా, నేలలో నిలిచే సేంద్రియ కర్బనాన్ని (మొక్కలు, జీవుల అవశేషాల నుంచి వచ్చే కార్బన్‌ను) అది నేరుగా ఇవ్వదు. పైరు ఏపుగా పెరిగి, వేర్లూ మోళ్లూ పొలంలోనే మిగిలితే పరోక్షంగా కొంత చేరుతుంది. గుంటూరు చుట్టుపక్కల పత్తికట్టెను, మిరపకట్టెను తగలబెట్టే చేలల్లో ఆ కొంతలోనూ చాలా భాగం దక్కదు.

మాగిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతమే అయినా, అది కర్బనంతోపాటు సూక్ష్మజీవులకు మేతనూ తెస్తుంది. ఆ మేతలో అధికభాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోయినా, చనిపోయిన సూక్ష్మజీవుల అవశేషాలు నల్లరేగడి బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని ఏళ్ల తరబడి నిలుస్తాయి. అసలు నిల్వ అదే. పాడి తగ్గిన ఊళ్లలో ఎరువు దొరకడమే కష్టం కనుక, జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టను (పచ్చిగా ఉండగానే నేలలో కలియదున్నే పైరును) తోడు చేసుకొని యూరియాను తగ్గించడమే మేలని నా అభిప్రాయం. ఒట్టి వరిగడ్డిని కలియదున్నినప్పుడు మాత్రం, సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని ముందే లాక్కోవడంతో పైరు పాలిపోతుంది. అక్కడ కొంత యూరియా వేయక తప్పదు.