న్యూవార్క్ మట్టిగట్లు చూసి వచ్చాం

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటి నుంచి తూర్పుగా సుమారు 40 మైళ్ళు వెళితే న్యూవార్క్ వస్తుంది. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన, అమెరికా మూలవాసులు కట్టిన హోప్‌వెల్ మట్టికట్టడాలలో రెండు, మహావలయమూ అష్టకోణమూ, ఆ ఊరి ఇళ్ళ మధ్యనే ఉన్నాయి. హోప్‌వెల్ అన్నది కట్టిన జాతి పేరు కాదు. దిబ్బలున్న ఒక పొలం యజమాని ఇంటిపేరు.

సుమారు రెండు వేల ఏళ్ళ నాటి మహావలయం దూరానికి మన చెరువుకట్టలానే కనిపించింది. గట్టు దాటి లోపలికి వెళ్ళగానే కందకం ఎదురైంది. కోటకైతే అగడ్త గోడకు వెలుపల ఉండాలి. ఇక్కడ లోపలివైపు ఉండడం చూశాకే, ఇది శత్రువులను ఆపడానికి కట్టినది కాదన్న మాట నాకు నమ్మబుద్ధయింది. వ్యాసం దాదాపు 1,200 అడుగులు కావడంతో ఆగి ఆగి చుట్టి రావడానికి మాకు అరగంట దాటింది. ప్రవేశ రుసుము లేదు.

అష్టకోణం మాత్రం 1910 నుంచి గోల్ఫ్ మైదానంగా ఉండిపోయి, 2022లో రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, 2025 జనవరి 1న అందరికీ తెరుచుకుంది. 50 ఎకరాల ఆ ఆవరణలో గట్లు మూలల దగ్గర తెగి ఉంటాయి. ఆ ఖాళీలకు ఎదురుగా లోపల చిన్న దిబ్బలు. 18.6 ఏళ్ళకోసారి చంద్రుడు బాగా ఉత్తరానికి జరిగి ఉదయించే దిక్కుకు దీని ప్రధాన అక్షం సరిపోతుందని 1982లో హైవ్లీ, హార్న్ అనే ఆచార్యులు చూపారు. నేల మీద నిలబడితే ఆకారం అందదు, అందుకే ముందుగా పటం చూసుకోవాలి.

బస మాత్రం నిరాశపరిచింది: హైవే పక్కన మోటెల్ వాళ్ళు చెప్పిన అద్దె ఒకటి, వేసిన బిల్లు మరొకటి. శాకాహారులకు మేము తీసుకెళ్ళిన పులిహోరే శరణ్యం. కారు లేనివారికి ఈ యాత్ర కష్టం.

మర్నాడు అదే రాష్ట్రంలోని చిలికాథీ ఊళ్ళో మౌండ్ సిటీ అనే హోప్‌వెల్ దిబ్బల సముదాయానికి వెళ్ళాం. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు సైనిక శిబిరం కింద నలిగిన దిబ్బలను తరువాత మళ్ళీ పోసినందున, నాకు న్యూవార్క్‌లో కలిగిన విస్మయం ఇక్కడ కలగలేదు. అయితే ఈ దిబ్బల్లో దొరికిన సుపీరియర్ సరస్సు ప్రాంతపు రాగి, అపలాచియన్ కొండల అభ్రకం ఇంత దూరం ఎలా చేరాయో తెలుసుకోవడానికి ప్రదర్శనశాల చూడవలసిందే. ఇది తమ పూర్వీకుల నేల అనే షానీ తెగ మూలవాసులను 1830లలో పశ్చిమానికి తరలించారు; వారి ప్రభుత్వాలు నేడు ఓక్లహోమాలో ఉన్నాయి. ఒక్క రోజే ఉంటే న్యూవార్క్‌కే వెళ్ళండి, అష్టకోణానికి సాయంత్రపు ఏటవాలు వెలుగు వేళ చేరుకోండి; గట్ల నీడలు అప్పుడే స్పష్టంగా పడతాయి.