ఉన్నది ఒక్క ఆదివారం: ఉండవల్లా, అమరావతా, కొండవీడా?

మా పిన్ని వాళ్ళు హైదరాబాదు నుంచి గుంటూరు వచ్చినప్పుడల్లా ఇదే మాట. "ఒక్క రోజే ఉందే, పిల్లలకి ఏదైనా మంచి చోటు చూపించు" అంటుంది. కారు తీసి గంటసేపు వెళ్తే చాలు, మనకి మూడు చోట్లున్నాయి. మూడూ ఒకే రోజు చుట్టేద్దామనుకుంటే దేన్నీ చూసినట్టు ఉండదు. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు కొండవీడుకే. కానీ అందరికీ అదే సరిపోదు.

ఉండవల్లి అన్నిటికంటే తేలిక. బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే పది నిమిషాల దారి. ఇసుకరాతి కొండను నాలుగు అంతస్తులుగా తొలిచిన గుహలు ఇవి. 4, 5 శతాబ్దాల నాటివనీ, విష్ణుకుండిన రాజుల కాలానివనీ చెబుతారు. లోపల పడుకుని ఉన్న అనంతశయనుడి విగ్రహం 5 మీటర్లకు పైనే ఉంటుంది. అందరూ నేరుగా ఆ విగ్రహం దగ్గరికే పరుగెడతారు. నేనైతే కింది అంతస్తులో ఆగమంటాను. అక్కడ పని సగంలోనే ఆగిపోయింది. గోడ మీద ఉలి గాట్లు పక్కపక్కనే, కొన్ని లోతుగా, కొన్ని పైపైన కనిపిస్తాయి. మా పిన్ని కొడుకు వాటిలో వేలు పెట్టి చూసి "అక్కా, ఇది ఎవరో నిన్ననే వదిలేసి వెళ్ళినట్టుంది" అన్నాడు. రెండు గంటల్లో చూసేయొచ్చు. బెజవాడలో రైలు ఎక్కే ముందు కాస్త టైముంటే ఇంతకంటే మంచి చోటు లేదు. రోజంతా గడపడానికి మాత్రం సరిపోదు.

అమరావతి విషయం రాయాలంటే నాకు మనసు బరువెక్కుతుంది. అక్కడి మహాచైత్యం ఒకప్పుడు దేశంలోని పెద్ద బౌద్ధ స్తూపాల్లో ఒకటి. ఇప్పుడు వెళ్తే గుండ్రటి తక్కువ దిబ్బ, చుట్టూ నిలబెట్టిన కొన్ని సున్నపురాతి పలకలు కనిపిస్తాయి, అంతే. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. ఎన్నో పలకలు కట్టడాల్లోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లోకి పోయాయి. మిగిలినవాటిలో చాలాభాగం చెన్నై మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. మన రాష్ట్ర చిహ్నంలో కనిపించే పూర్ణఘటం, అంటే నిండు కుండ, ఆ స్తూపాన్ని చెక్కిన శిల్పుల నుంచి వచ్చిందే. ఆ రాళ్ళలో చాలావాటిని చూడాలంటే మాత్రం మన పిల్లలు చెన్నైకో, సముద్రం దాటి లండన్‌కో వెళ్ళాలి.

అందుకే అమరావతి వెళ్ళేవాళ్ళకి నాదొక్కటే మాట: ముందు ఆ ఊళ్ళోని మ్యూజియం, ఆ తర్వాతే దిబ్బ. పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు, అది చూసి బయటికొస్తే ఖాళీ చోట ఏముండేదో కళ్ళముందు లేస్తుంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని వెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మూడింటిలో ఇదే మేలు. నేల చదునుగా ఉంటుంది, పక్కనే పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరస్వామి గుడి, కృష్ణ ఒడ్డు. మా అమ్మమ్మకి దిబ్బ కంటే ఆ రేవు మెట్లే నచ్చాయి.

ఇక కొండవీడు. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో కొండ మీది కోట. అద్దంకి నుంచి రాజధానిని అనవోతారెడ్డి ఇక్కడికి మార్చాడు. 1424 దాకా రెడ్డిరాజుల ఏలుబడి నడిచింది. పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నదీ ఇక్కడే. 1515లో కృష్ణదేవరాయలు కోట పట్టుకున్నప్పుడు ఒడిశా గజపతి రాజు కొడుకు వీరభద్రుడు ఇక్కడే చిక్కాడు. ఇవన్నీ బళ్ళో చదువుకున్నవే. కానీ పైకెక్కితే నన్ను కట్టిపడేసేది రాజుల కథ కాదు, నీళ్ళు. అంత ఎత్తున, రాళ్ళ మధ్య చెరువులు! వాన నీటిని పట్టి, ఒక రాజధానికి సరిపడా నిలబెట్టిన చెరువులు. బురుజులు కూలాయి, గోడల్లో రావిచెట్లు మొలిచాయి, నీళ్ళు మాత్రం ఉన్నాయి. గట్టు మీద కూర్చుంటే రాళ్ళ నీడ నీటిలో కదులుతుంటుంది. ఉండవల్లిలో ఒక గదిని చూస్తాం, అమరావతిలో పోయినదాన్ని ఊహించుకుంటాం. ఇక్కడైతే ఒక ఊరు ఊరంతా ఎలా బతికిందో నడుస్తూ తెలుసుకుంటాం.

కష్టాలు కూడా ఉన్నాయి. ఇప్పుడు ఘాట్ రోడ్డు పడింది కాబట్టి పైదాకా బండి వెళ్తుంది. కానీ ఎండాకాలం వద్దు, రాయి కాలిపోతుంది. పోయినసారి మేము ఇద్దరికో నీళ్ళసీసా చొప్పున తీసుకెళ్ళి, పన్నెండు గంటలకే అయిపోగొట్టుకుని టెన్షన్ పడ్డాం. మనిషికి రెండు లీటర్లు పెట్టుకోండి. వానలు తగ్గాక, కార్తీకంలో వెళ్తే చెరువులు నిండుగా ఉంటాయి.

ఈసారి పిన్నికి ఇదే చెప్పాను. "గుళ్ళూ లేవు, హోటళ్ళూ లేవు, ఏం చేస్తాం రోజంతా?" అని గొణిగింది. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్ళాం. సాయంత్రం నాలుగింటికి "ఇక బయల్దేరదామా పిన్నీ" అంటే, చెరువు గట్టు మీంచి లేవకుండానే "ఇంకాసేపు ఉండవే" అంది.