గోడ కడగమంటే రంగు ఊడగొట్టారు: బయటి గోడలు కడిగించేవాళ్లు జాగ్రత్త

ఇంటి బయటి గోడలు ప్రెషర్ వాషర్‌తో, అంటే నీళ్లని గట్టి ఒత్తిడితో చిమ్మే మెషిన్‌తో కడిగిద్దామని అనుకుంటున్నవాళ్లు, మనిషిని మాట్లాడుకునే ముందు ఇది ఒకసారి చదవండి. మేం ఏమీ అడక్కుండానే మాట్లాడేసుకున్నాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత వినడమే కానీ, అది మా ఇంటి గోడ మీదే కనపడుతుందని అనుకోలేదు.

కడిగినవాళ్ల పేరు అడగకండి, రాయను. ఆ ఒక్కళ్లని తప్పించుకుంటే పోయేది కాదిది. అదే మెషిన్, అదే తీరు చాలామంది దగ్గర ఉంటుంది.

మా బాధ నిజానికి చిన్నదే. ఎండ తగలని వైపు సజ్జల కింద నల్లటి చారలు, గోడ అడుగున పచ్చటి పాచి, కిటికీ గ్రిల్ కింద తుప్పు కారిన మరక, వెనక గోడ మీద తెల్లగా ఉప్పు పూసినట్టు మచ్చలు. ముందు వైపు కొంత ఎర్ర ఇటుక గోడ, పోర్టికోలో రాతి పలకలు. ఫోన్‌లో కడిగే ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: ఎన్ని అంతస్తులు, నీళ్ల కనెక్షన్ ఉందా. గోడ దేంతో కట్టింది, రంగు వేసి ఎన్నాళ్లయింది, మరక ఎలాంటిది అని ఒక్క మాట లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నల్లటి గచ్చు మీద మెషిన్ పెట్టగానే తెల్లటి దారి పడే వీడియోలు చూసి చూసి, గోడ కూడా అంతే అనుకున్నాను.

మామూలు కుళాయి పైపులో నీటి ఒత్తిడి సాధారణంగా 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అని చెప్పే కొలత) లోపే ఉంటుంది. ఇళ్లలో వాడే చిన్న కరెంటు మెషిన్లది 1500, 2000 దగ్గర. ఇంజన్‌తో నడిచేవి 3000 దాకా, ఆ పైకి కూడా పోతాయి. మా ఇంటికి వచ్చింది ఇంజన్‌ది. దానికి పెట్టింది ఎర్ర నాజిల్, అంటే నీళ్లు చిమ్మే మూతి. ఆ రంగుకి అర్థం నాకు తర్వాతే తెలిసింది. సాధారణంగా ఎరుపంటే సున్నా డిగ్రీలు, అంటే నీళ్లు సూదిలా ఒకే చోట గుచ్చుకుంటాయి. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు విచ్చుకుంటాయి. నలుపు సబ్బు చల్లడానికి, దాంట్లో ఒత్తిడి చాలా తక్కువ. మెషిన్ అదే అయినా నాజిల్ మారితే గోడ మీద పడే దెబ్బ మారిపోతుంది. రంగు వేసిన గోడ దగ్గరికి ఎర్ర నాజిల్ తేవడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

మొదటి పది నిమిషాలు అద్భుతంగా ఉంది. నల్ల చారలు మాయం. తర్వాత నీళ్లతోపాటు రంగు పొరలు కూడా రాలడం కనపడింది. “అన్నా, కొంచెం తగ్గించకూడదా?” అన్నాను. “తగ్గిస్తే మురికి పోదు సార్. ఆరితే అంతా ఒకేలా వస్తుంది” అన్నాడు. తడి గోడ అబద్ధం చెప్తుందని ఆ రోజు నాకు తెలియదు. తడిగా ఉన్నప్పుడు అంతా ఒకే రంగులో నిండుగా కనిపిస్తుంది. మర్నాడు ఎండ పడ్డాక చూస్తే నాజిల్ తిరిగిన దారులన్నీ పాము చారల్లా తేలాయి.

నాన్న పొద్దున్నే వెళ్లి, కడగని గోడ మీద అరచేత్తో రుద్ది నాకు చూపించారు. చేతికి సున్నంలా తెల్లటి పొడి. ఎండకూ వానకూ రంగులోని బంధం చచ్చిపోతే అలా పొడి రాలుతుంది. అలాంటి గోడ మీద అంత ఒత్తిడి పెడితే రంగు నిలవదు. “నిన్న ఈ పని నువ్వు చేయాల్సింది, లేకపోతే వాడు చేయాల్సింది” అన్నారు. ఫోన్ చేస్తే కడిగినాయనా అదే అన్నాడు, “పాత రంగు సార్, దాంట్లో దమ్ము లేదు” అని. నిజమే. దమ్ము లేదని తెలుసుకోవడానికి అరచెయ్యి చాలు కదా, 3000 పీఎస్‌ఐ ఎందుకు?

ఇటుక గోడ సంగతి ఇంకా బాధ. రంగు పోతే మళ్లీ వేసుకోవచ్చు. కాలిన ఇటుకకి పైన ఒక గట్టి పొర ఉంటుంది. అది పోతే లోపలి మెత్తటి భాగం నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. మా ఇటుకలకి అక్కడక్కడ ఆ పొర లేచిపోయింది, సందుల్లో సిమెంటు ఇసుకగా రాలి పడింది. వెనక గోడ మీది ఉప్పు మచ్చలు కడిగిన రోజు మాయమై, రెండు వారాలకి రెట్టింపై తిరిగొచ్చాయి. రావా మరి! గోడ లోపలి లవణాలు నీళ్లలో కరిగి, నీరు ఆరేటప్పుడు పైకి వచ్చి తెల్లగా మిగిలితే అవి ఆ మచ్చలు. వాటిని పోగొట్టడానికి గోడకి ఇంకా నీళ్లు తాగించారు. ముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపి, పొడి బ్రష్‌తో దులపాల్సిన మచ్చలవి.

అసలు భయపడింది మాత్రం మధ్యాహ్నం. పోర్టికోలో పాచికి బ్లీచింగ్ ద్రావణం చల్లారు. అది సరిగ్గా కడగకముందే, పక్కనే ఉన్న తుప్పు మరక కోసం ఇంకొకతను యాసిడ్ పోశాడు. నిమిషంలో గొంతు పట్టేసే ఘాటు, కళ్ల వెంట నీళ్లు. అందరం బయటికి పరిగెత్తాం. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అమోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా విషవాయువే వస్తుంది. ఆరుబయట కాబట్టి బతికిపోయాం. తలుపులు మూసిన చోట అయితే ఏమయ్యేదో ఊహించడం నాకిష్టం లేదు. ఆ యాసిడ్ తగిలిన రాతి పలకలు బుసబుసా పొంగి మెరుపు పోగొట్టుకున్నాయి. సున్నపురాయి, పాలరాయి లాంటివి యాసిడ్‌కి కరిగిపోతాయి. మీ రాయి ఏ జాతిదో తెలియకపోతే, ఎవరికీ కనపడని మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి. బుడగలు వస్తే ఆ రాయి దగ్గరికి యాసిడ్ సీసా రానివ్వకండి.

ఇక సరైన పద్ధతి. ఇది నాకు రంగులేసే మేస్త్రి చెప్పాడు, చేతులు కాలాక. ముందు గోడని చూడాలి, తర్వాత మరకని చూడాలి, మెషిన్ సంగతి ఆఖరున. గట్టి కాంక్రీటు గచ్చుకి ఎక్కువ ఒత్తిడి పరవాలేదు, అది కూడా విచ్చుకునే నాజిల్‌తో. రంగు వేసిన గోడ, టెక్స్చర్ (గరుకు డిజైన్ పూత), ఇటుక, చెక్క, వీటికి తక్కువ ఒత్తిడే. చెక్క మీద ఒత్తిడి ఎక్కువైతే పీచు లేస్తుంది.

పాచి, నల్ల చారలు చాలావరకు బతికున్న నాచు, బూజు. ఒత్తిడితో కొడితే పైది పోతుంది, గోడ రంధ్రాల్లో మిగిలింది మళ్లీ మొలుస్తుంది. దాన్ని మందుతో చంపాలి. సాఫ్ట్ వాష్ అంటారు దీన్ని. సోడియం హైపోక్లోరైట్‌ని, అంటే ద్రవంగా దొరికే బ్లీచింగ్‌ని పల్చన చేసి, గోడ మీదికి వచ్చేసరికి ఇంచుమించు 1 శాతం ఉండేలా, కొంచెం సబ్బు కలిపి చల్లుతారు. ఓ పది నిమిషాలు ఆరిపోకుండా ఉంచి, కుళాయి పైపు లాంటి ధారతో కడిగేస్తారు. మందు కింది నుంచి పైకి చల్లాలి, కడగడం పై నుంచి కిందికి. పై నుంచి చల్లితే కారిన చారలు అలాగే ఉండిపోతాయి. మొక్కలకి ముందూ తర్వాతా బాగా నీళ్లు పట్టాలి. మా ఇల్లు కడిగినవాళ్లు పట్టలేదు, గోడ పక్క మందారం ఆకులన్నీ మాడిపోయాయి. తుప్పు మరక మీద మాత్రం బ్లీచింగ్ పనిచేయదు సరికదా, ఇంకా ముదిరిపోవచ్చు. దానికి ఆక్జాలిక్ యాసిడ్ ఉన్న మందు వేరే ఉంటుంది, అదీ చిన్నచోట పరీక్షించాకే. ఇల్లు పాతదై, రంగు కూడా బాగా పాతదైతే అందులో సీసం ఉండొచ్చు. దాన్ని ప్రెషర్‌తో కొట్టి ముక్కలు మట్టిలో కలపనివ్వకండి.

ఇంకోటి మర్చిపోయా. కింద నుంచి పైకి, కిటికీ ఫ్రేమ్ సందుల్లోకి నీళ్లు కొట్టారు. లోపలి గోడకి చెమ్మ దిగింది. బయటి లైటు హోల్డర్‌లో నీళ్లు నిండి బ్రేకర్ పడిపోయింది. అది పడింది కాబట్టి సరిపోయింది. బయటి ప్లగ్గులకి, లైట్లకి ముందే కరెంటు ఆపించి, వాటిని కప్పించాలి. వాళ్లలో ఒక కుర్రాడు పని అయ్యాక అదే ధారతో కాళ్ల బురద కడుక్కోబోయాడు. గట్టిగా అరిచి ఆపాను. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న గీతలా కనిపించినా లోపల కండ పాడవుతుంది, వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన గాయం అది.

మళ్లీ కడిగించాల్సి వస్తే నేను పట్టుబట్టేది ఒక్కటే. ఎవరికీ కనపడని చోట అరచేతంత జాగా కడిగించి, పూర్తిగా ఆరనిచ్చి, మర్నాడు చూసి, అప్పుడు మిగతా ఇల్లు. “అంత టైమ్ లేదు సార్” అన్నవాణ్ని గేటు దగ్గరే పంపించేస్తాను. ఏ గోడకి ఏ పద్ధతి, ఏ మందు అని కాగితం మీద రాయించుకుంటాను. పని ముందు ప్రతి గోడనీ ఫొటో తీసి పెట్టుకుంటాను. మా దగ్గర పాత ఫొటోలు లేవు కాబట్టే “ముందే అలా ఉంది సార్” అంటే నోరు మూసుకోవాల్సి వచ్చింది. డబ్బంతా అదే సాయంత్రం ఇచ్చేయడం ఇంకో తెలివితక్కువ పని. బాకీ కొంత గోడ ఆరేదాకా ఆపుకోవాలి.

ఇప్పుడు మళ్లీ రంగు వేయించడం తప్పలేదు. మేస్త్రి తొందరపడటం లేదు. గోడ మీద ఒక ప్లాస్టిక్ షీటు పరిచి నాలుగు అంచులా టేపు అంటించి వెళ్లాడు. మర్నాడు దాని లోపల చెమట పట్టకపోతేనే ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) అన్నాడు. ఈ పొద్దున చూశాను, ఇంకా నీటి బొట్లున్నాయి.