వాడని అవుట్‌పుట్‌లను గాలికి వదలొద్దు: టీపీఎస్65217తో మా అనుభవం

బెంగళూరు పీణ్యలో మేం చేసే డేటా లాగర్ బోర్డుల్లో ఏఎమ్335ఎక్స్ ప్రాసెసర్‌కు జతగా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఎస్65217సీ అనే పీఎమ్‌ఐసీని (బోర్డుకు కావాల్సిన వేర్వేరు వోల్టేజ్‌లను ఇచ్చే పవర్ చిప్పు) ఏళ్ల తరబడి వాడుతున్నాం. బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఉండేదీ ఇదే. మూడు బక్ కన్వర్టర్లు (ఇండక్టర్ సాయంతో స్విచ్ చేస్తూ వోల్టేజ్ తగ్గించేవి), నాలుగు ఎల్‌డీవోలు (స్విచింగ్ లేకుండా వోల్టేజ్ తగ్గించే రెగ్యులేటర్లు), బ్యాటరీ చార్జర్, బ్యాక్‌లైట్‌కు ఎల్ఈడీ డ్రైవర్, అన్నీ ఒకే చిప్పులో దొరుకుతాయి. నమ్మకమైన చిప్పు, ఆ మాటలో సందేహం లేదు. ఇక్కడ రాసేది మాత్రం ఇందులో మనకు అక్కర్లేని అవుట్‌పుట్‌ల గురించి.

మా బోర్డుకు బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు. 3.3 వోల్టులకు మాకు ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి వేరే రెగ్యులేటర్ పెట్టుకున్నాం. దాంతో 3.3 వోల్టులిచ్చే నాలుగో ఎల్‌డీవో ఖాళీ. కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు స్కీమాటిక్ చూసి, "అన్నా, వాడట్లేదు కదా, కెపాసిటర్లు కూడా తీసేద్దామా?" అన్నాడు. చాలామందికి వచ్చే ఆలోచనే అది. కానీ ఏ అవుట్‌పుట్ ఎప్పుడు లేవాలన్నది ఫ్యాక్టరీలోనే చిప్పులో రాసి ఉంటుంది. పవర్ ఇవ్వగానే అది తన వరసలో అన్నిటినీ లేపుతుంది. మన సాఫ్ట్‌వేర్ కళ్లు తెరిచేది ఆ తర్వాతే. అంటే ఖాళీ ఎల్‌డీవో కూడా కాసేపైనా ఆన్ అయ్యే తీరుతుంది. అవుట్‌పుట్ కెపాసిటర్ లేకపోతే ఆ కాసేపట్లోనే అది ఆసిలేట్ కావచ్చు, అంటే వోల్టేజ్ నిలకడ లేకుండా ఊగిపోవచ్చు. అందుకే ఇన్‌పుట్ సప్లై, రెండు కెపాసిటర్లు అలాగే ఉంచి, అవుట్‌పుట్ దగ్గర ఒక టెస్ట్ పాయింట్ పెట్టాం. బూట్ అయ్యాక లినక్స్ డ్రైవర్ దాన్ని ఆపేస్తుంది. కెపాసిటర్ల ఖర్చు లెక్కలోకి రాదు.

బక్‌ల దగ్గర వ్యవహారం ఇంకా గట్టిది. ఇంకో చిప్పుతో, బయటి సంస్థ ఒకటి చేసిచ్చిన బోర్డు మా బెంచ్ మీదికి వచ్చింది. వాడని మూడో బక్‌కు ఇండక్టర్ ఎక్కించలేదు, ప్యాడ్లు ఖాళీగా మెరుస్తున్నాయి. స్కోప్ పెట్టి చూస్తే మొదటి రైల్ (సప్లై లైను) చక్కగా లేచింది, రెండోది లేచింది, ఆ వెంటనే అన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. మళ్లీ లేవడం, మళ్లీ పడటం. చిప్పు ఆ మూడో బక్‌ను కూడా ఆన్ చేసి, దాని వోల్టేజ్ కోసం చూస్తోంది. ఇండక్టర్ లేనిదే అది ఎక్కడినుంచి వస్తుంది? వోల్టేజ్ సరిగ్గా వచ్చిందని చెప్పే పవర్ గుడ్ సిగ్నల్ రాకపోయేసరికి ఫాల్ట్ అనుకుని మొత్తం మూసేస్తోంది. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని మార్పులు చేసినా లాభం లేదు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ దాకా వ్యవహారం రానేలేదు. తిన్నగా ఎస్పీ రోడ్డుకు పోయి సరిపడే ఇండక్టర్ తెచ్చి అంటిస్తే బోర్డు లేచింది. ఆ బక్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఆఫ్‌గా ఉండే వేరియంట్ దొరికితే ఇండక్టర్ అక్కర్లేదు, కానీ ఆర్డర్ ఇచ్చేముందే తేల్చుకోవాలి. టీపీఎస్65217లోనూ చివరి అక్షరం చూసి కొనాలి: మొదటి బక్ సీలో 1.5 వోల్టులతో లేస్తుంది, డీలో 1.35తో. ఒకటి డీడీఆర్3 మెమరీకి, రెండోది తక్కువ వోల్టేజ్ రకమైన డీడీఆర్3ఎల్‌కి.

ఇంకో సలహా తరచూ వింటుంటాను: ఖాళీ ఎల్‌డీవోను పక్కనున్న 3.3 వోల్టుల లైనుకు కలిపేస్తే అదీ కాస్త సాయం చేస్తుందని. దయచేసి చేయకండి. రెండు రెగ్యులేటర్లు బరువును సమానంగా పంచుకోవు, వోల్టేజ్ రవ్వంత ఎక్కువున్నదే దాదాపు అంతా మోస్తుంది. పైగా ఆపేసిన అవుట్‌పుట్‌ను లోపలి రెసిస్టర్‌తో గ్రౌండ్‌కు లాగే పీఎమ్‌ఐసీలు చాలా ఉన్నాయి. అది 300 ఓమ్‌లైతే 3.3 వోల్టుల దగ్గర 11 మిల్లీ ఆంపియర్లు ఊరికే పోతుంటాయి. అసలు సప్లై ఆగి బయటి లైను బతికే ఉంటే, కరెంటు అవుట్‌పుట్ నుంచి వెనక్కి, చిప్పులోకి ఎక్కే ప్రమాదం కూడా ఉంది.

సాఫ్ట్‌వేర్ వైపు ఒక్క మాట. డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేం ఉన్నాయో లినక్స్‌కు చెప్పే ఫైల్) ఆల్వేస్ ఆన్ అని రాయని అవుట్‌పుట్‌ను ఏ డ్రైవరూ అడగకపోతే లినక్స్ దానంతటదే ఆపేస్తుంది. కొత్త కెర్నెల్స్ అందుకు దాదాపు 30 సెకన్లు ఆగుతాయి. వాడనివాటికి అది వరం. కానీ నిజంగా వాడుతున్న రైల్‌ను డివైస్ ట్రీలో రాయడం మరిస్తే బోర్డు చక్కగా బూటై, లాగిన్ కూడా అయ్యాక, సరిగ్గా టెస్టింగ్ మొదలుపెట్టే వేళకి చచ్చిపోతుంది. అలాంటప్పుడు హార్డ్‌వేర్‌ను అనుమానించేముందు కెర్నెల్ లోపలి వివరాలు చూపే డీబగ్ ఎఫ్ఎస్‌లోని రెగ్యులేటర్ సమ్మరీ తెరిచి చూడండి, ఏది ఎవరు వాడుతున్నారో అక్కడే తెలిసిపోతుంది.

ఇక చిప్పు తన అవుట్‌పుట్ వోల్టేజ్‌ను చూసుకునే ఫీడ్‌బ్యాక్ పిన్ను. వాడని బక్‌లో దాన్ని కొన్ని చిప్పులు గ్రౌండ్‌కు కలపమంటాయి, కొన్ని సప్లైకి కలపమంటాయి. ఒక చిప్పు అలవాటు ఇంకోదానికి పనికిరాదు. వాడని పిన్నుల పట్టిక డేటాషీట్‌లో ఉంటే దాన్నే పాటించండి, లేకపోతే తయారీదారు సపోర్టుకు రాసి జవాబు తెప్పించుకోండి. మా స్కీమాటిక్‌లో ఇప్పుడు ప్రతి ఖాళీ అవుట్‌పుట్ పక్కనా అది ఎందుకు ఖాళీగా ఉందో, ఎవరు ఎప్పుడు ఆపుతారో ఒక లైను రాసి ఉంటుంది. తర్వాతి వెర్షన్‌కూ టీపీఎస్65217సీనే పెడుతున్నాం.