నాలుగు గిన్నెల క్యారేజీతో కొండవీడు

కార్తీకంలో రెండు రోజులు గుంటూరు వెళ్ళొచ్చాను. ఇంట్లో ఏదో పని ఉందని చెప్పాను కానీ, వెళ్ళింది డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలి కోసం. పెళ్ళిళ్ళలో ఎదురుపడటం, ఫోన్లో పిల్లల చదువుల గురించి చెప్పుకోవడం తప్ప, మేమిద్దరం తీరిగ్గా కూర్చుని పదహారేళ్ళు దాటింది.

రాత్రి పదిన్నరకి దిగాను. ఆ వేళప్పుడు వాళ్ళని లేపడం ఎందుకని బస్టాండు దగ్గర ఒక లాజ్‌లో గది తీసుకున్నాను. బస్సు దిగి నడిచిపోవచ్చు, అంతవరకే బాగుంది. తెల్లవార్లూ హారన్లు. ఆరింటికి వస్తాయన్న వేడినీళ్ళు ఎనిమిదైనా రాలేదు. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళు బ్రాడీపేట, అరండల్‌పేట వైపు చూసుకోవడం మేలు. టిఫిన్‌కి కూడా దూరం వెళ్ళక్కర్లేదు. నా స్నేహితురాలు పొద్దున్నే స్కూటీ మీద వచ్చి, గది చూసి, ఏమీ అనకుండా నా బ్యాగు తీసుకెళ్ళి స్కూటీ ముందు పెట్టుకుంది. "ఇల్లుండగా ఇదేంటే?" అని మాత్రం దారిలో అడిగింది.

ఎక్కడికి వెళ్దామన్నది ముందే ఫోన్లో తేల్చుకున్నాం. ఉండవల్లి గుహలు నాకు చాలా ఇష్టం. నాలుగు అంతస్తులుగా కొండనే తొలిచిన పని అది, లోపల పడుకున్న అనంతపద్మనాభుణ్ణి ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కానీ అక్కడ శిల్పం చూస్తాం, మాట్లాడుకోవడం కుదరదు. విజయవాడ భవానీ ద్వీపం పిల్లలతో అయితే బాగుంటుంది, కానీ ఆదివారం పడవ దగ్గరే సగం పొద్దు పోతుంది. మాకు కావలసింది నడక. అందుకే కొండవీడు, రెడ్డిరాజుల పాత కొండకోట.

చిలకలూరిపేట దారిలో హైవే దిగి లోపలికి వెళ్ళాలి. బస్సులు చూసుకుంటూ వెళ్తే ఎండెక్కుతుందని రోజంతటికీ ఆటో మాట్లాడుకున్నాం, 1,400 రూపాయలకి. ఇద్దరికి ఎక్కువే, నలుగురుంటే గిట్టుబాటు. ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా పైదాకా వెళ్ళగలరు.

అనవోతారెడ్డి అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికే మార్చాడు. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్నదీ ఇక్కడే. 1515లో కృష్ణదేవరాయలు ఈ కోటని గెలుచుకున్నాడు. ఇప్పుడు కూలిన గోడల మధ్య సీతాఫలం చెట్లు. వానలు వెళ్ళిన కొత్త కాబట్టి కొండంతా పచ్చగా ఉంది, చెరువుల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. కోట అంటే గోల్కొండలాంటిది ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. చెరువుగట్టు మీద నడవడానికి వెళ్ళండి. గాలి, పిట్టలు, అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. వేసవిలో మాత్రం వద్దు. నీళ్ళు, తిండి కింద నుంచే తీసుకెళ్ళండి.

మా తిండి అది తెచ్చింది. మంటపం నీడలో కూర్చున్నాక సంచిలోంచి నాలుగు గిన్నెల క్యారేజీ తీసింది. నాకు మాట రాలేదు. డిగ్రీ మూడేళ్ళూ అలాంటి క్యారేజీలోనే నేను అన్నం తిన్నాను. మా ఊరి నుంచి ఫస్ట్ బస్సుకి బయల్దేరేదాన్ని, అప్పటికి మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఇది రోజూ "అమ్మ ఎక్కువ వండేసింది, తినకపోతే తిడుతుంది, సాయం పట్టవే" అనేది. నేనేదో దానికి సాయం చేస్తున్నాననే తిన్నాను.

"మీ అమ్మకి తెలుసా అసలు?" అని ఇన్నేళ్ళకి అడిగాను.

"మొదటి రోజే చెప్పా. తెలియకుండా రోజూ రెండు గిన్నెలు ఎక్కువ ఎలా సర్దుతుందే? నీకు కారం పడదని పప్పు పోపు పెట్టకముందే కొంచెం విడిగా తీసేది."

వాళ్ళింటికి ఎన్నోసార్లు వెళ్ళాను. తల్లీకూతుళ్ళలో ఒక్కరూ ఆ సంగతి నా ముందు ఎత్తలేదు. నేను చెరువు వైపు తిరిగి కూర్చున్నాను. అది నా చేతిలో పులిహోర పెట్టి, ఎండ పెరుగుతోంది తిను అంది. థాంక్స్ చెప్పబోతే, కింద గోపీనాథస్వామి గుడి కూడా చూడాలి, లేవమంది.

గుడి తప్పకుండా చూడండి, కత్తుల బావి పక్కనే. అక్కడే సీతాఫలాలు అమ్ముతున్న ముసలమ్మ దగ్గర బుట్టలో మిగిలినవన్నీ కొనేసింది, మెత్తబడినవి కూడా. బేరం ఆడలేదు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. వాళ్ళమ్మగారికి చూపు బాగా తగ్గింది. గొంతు గుర్తుపట్టి దగ్గర కూర్చోబెట్టుకున్నారు. భోజనాల దగ్గర చేత్తో తడుముతూ చిన్న గిన్నె నా వైపు జరిపి, "ఇది నీకమ్మా, ఇందులో కారం వెయ్యలేదు" అన్నారు.