ఊకతో నీలి మంట: బెలోనియో పొయ్యి ఎలా పనిచేస్తుంది?

ఊకను మామూలు పొయ్యిలో పోస్తే పొగ తప్ప మంట రాదు, లోపలికి గాలి ఆడదు కాబట్టి. ఈ చిక్కుకు చక్కని విరుగుడు ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో, సెంట్రల్ ఫిలిప్పీన్ యూనివర్సిటీలో అలెక్సిస్ బెలోనియో రూపొందించిన ఊక గ్యాస్ పొయ్యి. ఆయనకు 2008లో గడియారాల కంపెనీ రోలెక్స్ ఇచ్చే అవార్డు తెచ్చింది ఇదే.

సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు గొట్టం, అడుగున జల్లెడ, దాని కింద చిన్న ఫ్యాన్, పైన చిల్లుల బర్నర్. ఫ్యాన్ ఊదే కొద్దిపాటి గాలికి ఊక పూర్తిగా కాలకుండా గ్యాసు వదులుతుంది, ఆ గ్యాసే బర్నర్ దగ్గర మండుతుంది. గొట్టానికి రెండు పొరలుంటాయి, మధ్యలో వేడి బయటికి పోకుండా ఊక బూడిదే కూరుతారు. గొట్టం నిండా దాదాపు 1.3 కిలోల ఊక పడుతుంది, 40 నుంచి 50 నిమిషాలు మండుతుంది. 75 కిలోల వడ్ల బస్తా ఆడిస్తే 15 కిలోల దాకా ఊక వస్తుంది, అంటే పదకొండు సార్లు నింపుకోవచ్చు.

అసలు మెలకువంతా వెలిగించడంలోనే ఉంది. ఊకను అదమకూడదు. పైన కాగితం ముక్కలు పరిచి అంటించి, ఫ్యాన్ వేసి, పైపొర అంతా సమంగా రాజుకున్నాకే బర్నర్ పెట్టాలి. ఒక పక్కే రాజుకుంటే నిప్పు అటే దిగిపోతుంది, రెండో పక్క పచ్చి ఊక మిగిలిపోతుంది. ఊక చెమ్మగా ఉన్నా, తవుడు కలిసినా తెల్లటి పొగ కక్కుతుంది. మంట ఆరి పొగ వస్తుంటే వెంటనే బర్నర్ దగ్గర మళ్లీ అంటించాలి. అది కాలని గ్యాసు, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కాబట్టి తలుపులేసిన వంటింట్లో ఈ పొయ్యి వద్దే వద్దు, వసారాలోనో పెరట్లోనో పెట్టుకోవాలి.

పప్పుకు సన్నమంట కావాలంటే ఫ్యాన్ వేగం తగ్గిస్తే చాలు, ఆ సుఖం కట్టెల పొయ్యిలో లేదు. కానీ మధ్యలో ఊక పోయడం కుదరదు. ఎక్కువసేపు వంట ఉంటే రెండు పొయ్యిలు కావాల్సిందే. కరెంటు పోతే మంటా పోతుంది, అందుకే 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఫ్యాన్ ఉన్నదే తీసుకోండి.

నిప్పు అడుగుకి చేరగానే, బొగ్గుగా మారిన ఊకను దించేయాలి. బద్ధకించి వదిలేస్తే జల్లెడ వంగిపోతుంది, ఆ సెగకు ఫ్యాన్ కూడా పాడవుతుంది. దించిన బొగ్గు మీద వెంటనే నీళ్లు చల్లితే బూడిద కాకుండా నల్లగా నిలుస్తుంది, పెంటకుప్పలో కలిపి పొలానికి తోలుకోవచ్చు.